గ్లాసులు మోగని రోజు

ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలకు ఆ యుద్ధ విమానం విమాన వాహక నౌక మీద నుంచి గాల్లోకి దూకింది. సరిగ్గా నాలుగు సెకన్ల తర్వాత సముద్రంలో పడింది. ఆ నాలుగు సెకన్లలో పైలట్ రేడియోలో అన్నవి నాలుగే మాటలు.

"పవర్ ఉంది. స్పీడ్ లేదు."

సీటుతో సహా బయటికి ఎగిరే మీట లాగాడు. కానీ అప్పటికే విమానం పక్కకు ఒరిగిపోయింది. సీటు ఆకాశంలోకి పోవాల్సింది నీళ్ళలోకి పోయింది. హెలికాప్టర్ వాళ్ళు పావుగంటలో పైకి తీశారు. అప్పటికే ప్రాణం లేదు. ఇరవై ఆరేళ్ళవాడు.

తొమ్మిది రోజుల తర్వాత, ఒక ప్రభుత్వ భవనం నాలుగో అంతస్తులో, కిటికీల్లేని గదిలో, డిపార్ట్‌మెంట్ అధిపతి ఒక ఫైలు తెరిచి బల్లకు అటువైపు తిప్పాడు. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. బల్లకు అటువైపు కూర్చున్న ఆవిడను అందరూ పిన్ని అంటారు. ఇరవై రెండేళ్ళ సర్వీసు, పదకొండు మారువేషాలు, రెండు బుల్లెట్ గాయాలు, ఒక అరిగిన మోకాలు. కొత్తగా చేరిన క్లర్కు నుంచి పెద్దాయన దాకా అందరికీ ఆవిడ పిన్నే.

కానీ ఆ పిలుపు మీద అసలు హక్కు లోకంలో ఒక్కడికే ఉండేది. వాడు ఆవిడ అక్క కొడుకు. నీళ్ళలోంచి తీసింది వాణ్ణే.

"ఎంక్వయిరీ రిపోర్ట్ డ్రాఫ్ట్" అన్నాడు పెద్దాయన. "రేపు పొద్దున తొమ్మిదికి సంతకాలు."

పిన్ని చివరి పేజీ చదివింది. పైలట్ తప్పిదం. ముక్కు సమయానికి ఎత్తలేదు. కంగారుపడి అదుపు కోల్పోయాడు.

"కంగారా?" ఆవిడ ఫైలు బల్లమీద పడేసింది. "ఏడేళ్ళప్పుడు వీడు సైకిల్‌తో సహా కాలవలో పడ్డాడు. ఒళ్ళంతా బురద, మోకాలు చీరుకుపోయింది. లేచి మొట్టమొదట ఏమడిగాడో తెలుసా? 'చెయిన్ ఊడిందా చూడు పిన్నీ' అని. వాడా కంగారుపడేది? పోయినవాడు లేచొచ్చి ఎదురు చెప్పడని ఎంత ధీమా సార్ వీళ్ళకి!"

"నా మీద అరవకు. ముందు ఇది విను."

పెద్దాయన ఒక కాగితం తోశాడు. సరిహద్దు అవతలి గూఢచారి ముఠా రేడియోలో డిపార్ట్‌మెంట్ పట్టుకున్న ముక్క అది. ప్రమాదం జరిగిన రాత్రిది. *మొదటి పండు రాలింది. రెండోది రాలగానే బుట్ట సర్దుకోండి.*

"ఒక విమానం పడితే పైలట్ తప్పంటారు" అన్నాడు పెద్దాయన. "రెండోదీ అలాగే పడితే విమానాల తప్పంటారు. ఆ రకం విమానాలన్నీ ఏడాదిపాటు నేలమీదే. అప్పుడు ఆ ఓడ ఎందుకు? ఉత్త ఇనప పడవ. వాళ్ళకి కావలసింది అదే."

"రెండోది ఎప్పుడు?"

"రేపు పదింటికి ఓడ మళ్ళీ ఎగరేయడం మొదలెడుతుంది. నిండా బరువున్న విమానం. నడిపేది మీవాడి జోడీ పైలట్."

పిన్నికి ఆ పిల్ల తెలుసు. పీలగా ఉంటుందని పైలట్లంతా పిట్ట అని పిలుస్తారు. అంత్యక్రియల రోజు కళ్ళనీళ్ళు పెట్టుకోకుండా నిటారుగా నిలబడి, వెళ్ళేముందు ఒక్క మాట చెప్పింది. 'వాడు తప్పు చెయ్యలేదండీ.' అంతే.

"ఓడలో మన మనిషి ఉన్నాడు" అంటూ పెద్దాయన ఒక ఫోటో చూపించాడు. నెరిసిన క్రాపు, బంగారు ఫ్రేము కళ్ళజోడు, మడత నలగని సూటు, కోటు జేబులో పువ్వు. ఇల్లు దాటితే చాలు, ముహూర్తానికి వెళ్తున్నట్టే తయారవుతాడు. అందుకే డిపార్ట్‌మెంట్ ఫైల్లో ఆయన పేరు పెళ్లికొడుకు.

"డబుల్ ఏజెంట్. ముఠా తమవాడే అనుకుంటుంది. ఆరేళ్ళుగా మనకి పనిచేస్తున్నాడు. ఒక మిత్రదేశం నౌకలో డెక్ ఇంజినీరుగా పదకొండేళ్ళు చేశాడు కాబట్టి ఎంక్వయిరీ బోర్డులో నిపుణుడిగా పెట్టించాం. నీకేం తెలిసినా అతనికే చెప్పు. ఇంకెవ్వరికీ కాదు. కెప్టెన్‌కి కూడా."

"ఆయనేమంటున్నాడు?"

"ఉత్త ప్రమాదమే అంటున్నాడు."

"మరి రెండో పండు?"

"అది తేల్చడానికే నువ్వు. రూల్ ప్రకారం నిన్ను పంపకూడదు. సొంత మనిషి కేసు."

"పంపకపోతే రాజీనామా మీ మొహాన కొట్టి ఈదుకుంటూ పోతా."

"తెలుసు" అని నిట్టూర్చాడు పెద్దాయన. "సాయంత్రం సరుకుల హెలికాప్టర్ ఉంది. వంటగదిలో కొత్త సహాయకురాలివి నువ్వు. కిందికెళ్ళి సామాను తీసుకో."

కింద పరికరాల విభాగంలో ఆవిడకు మూడు వస్తువులిచ్చారు. చెవిటి మిషన్‌లా కనిపించే రేడియో, గుండీలో కెమెరా, విరిస్తే పొగలు కక్కే దువ్వెన. పిన్ని దువ్వెనను అటూ ఇటూ తిప్పి చూసింది. "దీంతో తల దువ్వుకోవచ్చా?" అని అడిగితే, వద్దండీ బాబూ అన్నారు.

*

ఓడ వంటగదికి మేస్త్రీ ఒకడున్నాడు. తలుపు పట్టనంత మనిషి. ఇరవై ఏళ్ళుగా మూడు వేలమందికి వండి పెడుతున్నాడు. పిన్నిని పైనుంచి కిందికి చూసి, "అక్కా, ఉల్లిపాయలు తరిగితే ఏడుపొస్తుందా?" అని అడిగాడు.

"ఈ మధ్య దేనికీ రావట్లేదు" అంది.

"అయితే పనికొస్తావు."

భోజనాల హాలు సరిగ్గా కాటపల్ట్ కింద ఉంది. ఓడ డెక్ పొట్టిది. విమానం పరిగెత్తి లేవడానికి చోటు చాలదు. అందుకని డెక్ కింద ఆవిరితో పనిచేసే పెద్ద యంత్రం ఒకటి విమానం ముందుచక్రాన్ని పట్టుకుని, రెండు సెకన్లలో సముద్రం మీదికి విసురుతుంది. అదే కాటపల్ట్. విమానం ఎంత బరువుంటే ఆవిరి ఒత్తిడి అంత పెంచాలి. ఎంత పెంచారో చెప్పేది ఒక ముల్లున్న మీటరు.

హాలు గోడకు స్టీలు గ్లాసుల ర్యాక్ ఉంది. దానికి అడ్డంగా రెండు వరసల తాడు కట్టి ఉంది. పిన్ని చెయ్యి తుడుచుకుంటూ అడిగింది. "గ్లాసులకి తాడెందుకు మేస్త్రీ గారూ? పారిపోతాయా?"

"పారిపోవడమేంటి, దూకుతాయి! పైన విమానం లేచిందంటే ఆ దెబ్బ ఇక్కడికి తగుల్తుందక్కా. తేలిక విమానమైతే గల్లుమంటాయి. బరువుదైతే తాడు కూడా ఆగదు, నేను ర్యాక్‌ని కావలించుకుని నిలబడాలి. నా బొజ్జకి ఓడలో ఉన్న ఒకే ఒక్క ఉపయోగం అది." అంటూ నవ్వబోయి ఆగిపోయాడు. "ఆ రోజు కూడా అలాగే నిలబడ్డా."

"ఏ రోజు?"

"ఆ అబ్బాయి పోయిన రోజు. ఫుల్లు బరువని మైకులో చెప్పారు. రెండు చేతులూ చాచి ర్యాక్‌ని పట్టుకున్నా. దబ్బుమనలేదు. గల్లుమన్లేదు. గ్లాసులు మోగనే లేదు. 'ఓరినీ, ఎంత మెత్తగా లేపాడురా' అనుకున్నా. పైనుంచి అరుపులు వినపడేదాకా అలాగే అనుకున్నా." మేస్త్రీ మొహం తిప్పుకున్నాడు. "ముందురోజు ఆ అబ్బాయి ఇక్కడే ఈ బల్ల మీద తిన్నాడు. తిన్న పళ్ళెం తనే కడిగి పెట్టేవాడు."

పవర్ ఉంది, స్పీడ్ లేదు. విమానం ఇంజను సరిగ్గానే ఉంది. విసరాల్సిన యంత్రమే సరిగ్గా విసరలేదు. నాలుగు మాటల్లో వాడు మొత్తం చెప్పేసి పోయాడు. ఆ నాలుగు మాటలు విన్నవాళ్ళు తొమ్మిది రోజులు కూర్చుని వాణ్ణి పిరికివాడని రాశారు.

"ఇది ఎవరికైనా చెప్పారా?"

"నన్నెవరడిగారక్కా? ఆ బోర్డువాళ్ళకి రోజుకి ఆరుసార్లు కాఫీ మోస్తున్నా. ఒకసారి నోరు తెరిచా. ఆ కోటుకి పువ్వు పెట్టుకునే ఆయన లేడూ, 'చక్కెర తక్కువేశావు, మార్చుకురా' అన్నాడు."

*

మర్నాడు పొద్దున ఏడింటికి ఓడలో ఉన్నవాళ్ళంతా డెక్ మీదికొచ్చారు. భుజం భుజం ఆనించి, ఈ అంచు నుంచి ఆ అంచుదాకా వరసకట్టి, తలలు దించుకుని నడిచారు. కెప్టెన్, పైలట్లు, చాకలి, వంటవాళ్ళు, అందరూ. రాలిన నట్టు, విరిగిన పిన్ను, బొత్తాం, ఏది కనపడినా వంగి తీసి సంచిలో వెయ్యాలి. ఇంజను ముందు పడిన గోరంత ఇనపముక్క విమానాన్ని కూల్చగలదు. అందుకని రోజూ ఈ డెక్ నడక.

"రెండే పాఠాలక్కా" అన్నాడు మేస్త్రీ పక్కన నడుస్తూ. "ఒకటి, కింద ఏది కనపడినా వదలకూడదు. డెక్ మీదే కాదు, మెట్ల మీదైనా, బాత్రూంలోనైనా. పదేళ్ళు చేస్తే చెయ్యి దానంతటదే పోతుంది. మా ఆవిడ పక్కన రోడ్డు మీద నడుస్తుంటే కూడా వంగుతా, పరువు పోతోందని తిడుతుంది. రెండోది, ఏదైనా తేడాగా కనపడితే చేతులు రెండూ తలపైన అడ్డంగా పెట్టు. ఇలా. విమానం ఆగిపోతుంది. గరిటె తిప్పేవాడు పెట్టినా ఆగాల్సిందే. ఎందుకాపావని తర్వాత అడుగుతారు, ముందు ఆపుతారు."

నడక అయ్యాక కిందికి దిగుతుంటే మెట్ల మూలన పిన్నికి ఒక నట్టు కనిపించింది. సంచి అప్పటికే వెళ్ళిపోయింది. తీసి ఆప్రాన్ జేబులో వేసుకుంది.

ఎనిమిదింటికి కాఫీ ట్రే పట్టుకుని ఆఫీసర్ల హాల్లోకి వెళ్ళింది. పెళ్లికొడుకు ఒక్కడే గోడ అద్దంలో టై సర్దుకుంటున్నాడు. హాలంతా సెంటు వాసన.

"మీ గడియారం ఐదు నిమిషాలు వెనక నడుస్తోందండీ" అంది పిన్ని.

ఆయన అద్దంలోంచే నవ్వాడు. "నాది సరిగ్గానే ఉంది. సముద్రమే తొందరపడుతోంది."

కోడ్ సరిపోయింది. ఆయన తిరిగి ఆవిణ్ణి పరిశీలనగా చూశాడు. "ఇంత చక్కటి మనిషిని తీసుకెళ్ళి వంటింట్లో పడేశారా? మన డిపార్ట్‌మెంట్‌కి అభిరుచి లేదు మేడమ్."

"విషయానికి వద్దాం" అని గ్లాసుల సంగతి చెప్పింది.

ఆయన పగలబడి నవ్వాడు. "గ్లాసులా! బోర్డు ముందు చెప్పకండి, పరువు పోతుంది. ఆ మీటరు నేనే స్వయంగా చూసి ఓకే స్టిక్కర్ అంటించాను. మేడమ్, ఇందులో కుట్రా లేదు, గిట్రా లేదు. కుర్రాడు భయపడ్డాడు. ప్యాంటు తడుపుకుని ఉంటాడు పాపం. అలాంటివాళ్ళు విమానం ఎక్కకూడదు."

పిన్ని ట్రేని బల్లమీద పెట్టింది. వాడు తన అక్క కొడుకని ఈయనకి తెలియదు. తెలియకూడదు. పళ్ళు బిగపట్టుకుని, కళ్ళు తుడుచుకునే నెపంతో జేబులోంచి రుమాలు లాగింది. రుమాలుతో పాటు నట్టు జారి, టకటకమని దొర్లుకుంటూ పోయి ఆయన బూటు దగ్గర ఆగింది.

ఆయన దాన్ని చూశాడు. మెరుస్తున్న బూటును రెండు అంగుళాలు పక్కకు జరుపుకున్నాడు. "పదిన్నరకి కలుద్దాం" అని వెళ్ళిపోయాడు.

పిన్నే వంగి తీసింది. మోకాలు కలుక్కుమంది.

వంటగదికి వచ్చి కత్తి పట్టుకుంది. నాలుగో బుట్ట ఉల్లిపాయలు సగంలో ఉండగా, చేతిలో ఇరవై కిలోల గిన్నె మోస్తున్న మేస్త్రీ దారిలో గిన్నె దించి, ఆపసోపాలు పడుతూ వంగి, నేలమీది చిన్న పిన్ను తీసి జేబులో వేసుకుని, మళ్ళీ గిన్నె ఎత్తుకున్నాడు. తను చేసిన పని తనకే తెలియదు.

పిన్ని కత్తి ఆగిపోయింది.

పదకొండేళ్ళు డెక్ మీద చేసిన మనిషి నట్టును చూసి బూటు జరుపుకున్నాడు!

ఇంకోటి కూడా తట్టింది. తను చెప్పింది గ్లాసుల మాటే. మీటరు పేరెత్తింది ఆయన. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. ఆరేళ్ళుగా డిపార్ట్‌మెంట్ కాపలా పెట్టుకున్న కంచె, చేనంతా మేసేసింది. వాణ్ణి నమ్మి, వాడు చెప్పింది వేదమనుకుని, తన బిడ్డ పేరు మీద బురద జల్లారు. పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మేస్త్రీ గారూ, కాటపల్ట్ మీటరు ఈ మధ్య మార్చారా?"

"మార్చలేదు గానీ, ఆర్నెల్లకోసారి ఒడ్డున ల్యాబుకి పంపి సరిచూయిస్తారు. ప్రమాదానికి వారం ముందే తిరిగొచ్చింది. అప్పట్నుంచి ఎగిరినవన్నీ తేలికవే. బరువుది అదొక్కటే."

చాలు. ల్యాబులోనే ముఠా దాన్ని ఎక్కువ చూపేలా మార్చింది. తేలిక విమానానికి ఆవిరి కాస్త తగ్గినా లేస్తుంది. బరువుది లేవదు. పిన్ని గోడవారకు పోయి చెవిటి మిషన్ నొక్కింది. అటునుంచి డ్యూటీ క్లర్కు.

"పెద్దాయనకివ్వు. అర్జెంట్."

"మీటింగ్‌లో ఉన్నారు పిన్నీ. పదిన్నరకి ట్రై చేయండి."

"పదింటికి మనిషి చస్తుందిరా!"

"డిస్టర్బ్ చేయొద్దన్నారండీ..."

పిన్ని ఆ మిషన్‌ను చెవిలోంచి పీకి ఉల్లి తొక్కల్లో పడేసింది. ఆర్డర్ మాట దేవుడెరుగు, సరాసరి కెప్టెన్ దగ్గరికే పోవాలనుకుంది. అప్పుడు టైము తొమ్మిదీ నలభై ఐదు. మేస్త్రీ సరుకుల గదికి వెళ్ళాడు. చేపలు దాచే చలిగది ముందు నుంచి పోతుంటే వెనకనుంచి సెంటు వాసన తగిలింది. తిరిగేలోపే వీపు మీద ఒక్క తోపు. లోపల ముందుకు పడింది. ఇనప తలుపు మూసుకుంది.

"చల్లగా కూర్చోండి మేడమ్" అంది తలుపు అవతలి గొంతు. "రిపోర్ట్ సంతకాలైపోయాయి. పదింటికి రెండో పండు. ఆ గొడవలో మీటరు మార్చేస్తాను. మిమ్మల్ని మధ్యాహ్నం చేపలతో పాటు బయటికి తీస్తారు."

*

చలిగదిలో సున్నాకి ఇరవై డిగ్రీలు కింద. పిన్ని ఒంటిమీద నూలు చీర, ఆప్రాన్. పొగ దువ్వెన విరిచింది. చలికి అది తుస్సుమని ఊరుకుంది. గుండీ కెమెరా ఆవిడ వణకడాన్ని శ్రద్ధగా ఫోటోలు తీస్తోంది.

"మీ పరికరాలు తగలెయ్య!" అని తిట్టి, చేతులతో తలుపు తడిమింది.

ఏ ఓడ చలిగదికైనా లోపలినుంచి తెరుచుకునే గుబ్బ ఒకటి ఉంటుంది. మనిషి లోపల ఇరుక్కుంటే బయటపడటానికి. నిన్న మేస్త్రీ మొదట చూపించింది అదే. పదకొండేళ్ళు ఓడలో బతికానన్న పెద్దమనిషికి అదీ తెలియదు. గుబ్బ మీద మాత్రం పిడికిలి మందాన మంచు పేరుకుపోయి ఉంది.

పిన్ని అరలోంచి ఒక చేపను లాగింది. మూరెడు పొడవు, రాయిలా గడ్డకట్టి ఉంది. తోక పట్టుకుని గుబ్బమీద బాదింది. "ప్యాంటు తడుపుకున్నాడా? నా బిడ్డా? వెధవా!" ఒక్కో మాటకి ఒక్కో దెబ్బ. పదకొండో దెబ్బకి మంచు పగిలింది. పన్నెండో దెబ్బకి తలుపు తెరుచుకుంది.

గోడ గడియారంలో పదికి రెండు నిమిషాలు.

డెక్‌కి ఐదు నిచ్చెనలు. మొదటిది ఎలాగో ఎక్కింది. రెండోదానికి మోకాలు మొరాయించింది. మూడోది కాలుతో కాక కోపంతో ఎక్కింది. నాలుగు, ఐదు ఎలా ఎక్కిందో తనకే గుర్తులేదు.

పైన తలుపు తోసేసరికి గాలి, ఇంజను హోరు చెవుల మీద కొట్టాయి. ముందు కాటపల్ట్ మీద విమానం. వెనక నిప్పులు. అద్దాల కాక్‌పిట్‌లో చిన్న హెల్మెట్. పిట్ట! రెడీ అని కుడిచేత్తో సెల్యూట్ చేసేసింది కూడా. విమానం పక్కన పసుపు కోటు ఆఫీసర్ ఒంటి మోకాలి మీద వంగుతున్నాడు. అతని చెయ్యి డెక్‌ను తాకితే కింద మీట నొక్కుతారు.

అరిచినా వినపడదు. పరిగెత్తినా అందదు.

పిన్ని రెండు చేతులూ ఎత్తి తలమీద అడ్డంగా పెట్టింది. కుడిచేతిలో చేప ఇంకా ఉంది. వదలాలని తోచలేదు.

ఇంధనం పైపు పట్టుకున్న మనిషి మొదట చూశాడు. తెల్ల ఆప్రాన్, నెరిసిన జుట్టు, చేప. ఎవరని ఆలోచించలేదు. పైపు వదిలి తన చేతులు తలమీద అడ్డంగా పెట్టాడు. అతణ్ణి చూసి ఇంకొకడు. ఆ వెనక నలుగురు. డెక్ పొడవునా చేతులు లేచాయి. పసుపు కోటు ఆఫీసర్ చెయ్యి డెక్‌కి జానెడు ఎత్తులో ఆగింది. తర్వాత మెల్లగా, అతని చేతులు కూడా తలపైకి వెళ్ళాయి.

ఇంజను హోరు తగ్గింది. పిన్ని ఉన్నచోటే కూలబడింది.

*

కెప్టెన్ పైనుంచి రెండేసి మెట్లు దూకుతూ వచ్చాడు. ఆయన వెనకే పెళ్లికొడుకు. కోటు పువ్వు గాలికి ఎగిరిపోయింది.

"ఎవరాపారు?"

"నేను."

"ఎందుకు?"

"మీ కాటపల్ట్ మీటరు అబద్ధం చెప్తోంది. మొన్న పైలట్ తప్పేమీ లేదు. విమానానికి చాలినంత ఆవిరి ఇవ్వలేదు. ఆ రోజు కింద గ్లాసులు మోగలేదు. మీ మేస్త్రీని అడగండి."

"గ్లాసులు!" పెళ్లికొడుకు చేతులు చాచి చుట్టూ చూశాడు. "విన్నారా కెప్టెన్? ఎవరో పిచ్చిది, చేప పట్టుకుని యుద్ధ విమానం ఆపింది. పదకొండేళ్ళు డెక్ మీద ఎండకి ఎండినవాణ్ణి నేను. మీటరు నేను చూశాను. నా మాట నమ్ముతారా, అంట్లు తోమేదాని మాటా?"

పిన్ని లేచి నిలబడింది. ఆప్రాన్ జేబులోంచి నట్టు తీసి, అందరి మధ్యా డెక్ మీద పడేసింది.

టక్కుమంది.

కెప్టెన్ వంగాడు. పసుపు కోటు ఆఫీసర్ వంగాడు. ఇంధనం పైపు మనిషి, కాటపల్ట్ మేస్త్రీ, ఆయాసపడుతూ అప్పుడే పైకొచ్చిన వంటల మేస్త్రీ, విమానం దిగి పరిగెత్తుకొచ్చిన పిట్ట, అందరూ ఒక్కసారే వంగారు. రెండు తలలు ఢీకొన్నాయి కూడా.

నిటారుగా నిలబడి ఉన్నది ఒకే ఒక్కడు.

వంగినవాళ్ళు వంగినట్టే తలలెత్తి ఆయన్ని చూశారు.

కెప్టెన్ నట్టును జేబులో వేసుకుంటూ లేచాడు. "స్పేర్ మీటరు తెచ్చి పక్కన బిగించండి" అన్నాడు మెల్లగా.

పది నిమిషాలు పట్టింది. ఒకే ఆవిరి, రెండు మీటర్లు. పాతదాని ముల్లు తొంభై మీద నిలబడింది. కొత్తదాని ముల్లు అరవై దాటలేదు. కాటపల్ట్ మేస్త్రీ ఆ రెండు ముళ్ళనూ చూసి నేలమీద కూర్చుండిపోయాడు. "ఆ తొంభై చూసే అబ్బాయిని వదిలా సార్" అన్నాడు. "నా చేత్తో వదిలా."

పెళ్లికొడుకు వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. చుట్టూ సముద్రమే, ఎటు పోతాడు! కోటు లోపలికి చెయ్యి పెట్టి పిస్తోలు తీశాడు. అది పూర్తిగా బయటికి వచ్చేలోపే మణికట్టు మీద చేప పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. పిస్తోలు డెక్ మీద పడింది. అలవాటు కొద్దీ మళ్ళీ నలుగురు వంగారు.

"ఇది డిపార్ట్‌మెంట్ తరఫున" అంది పిన్ని, చేపను కింద పెడుతూ. తర్వాత ఆయన చెంప ఛెళ్ళుమనిపించింది. బంగారు ఫ్రేము కళ్ళజోడు ఎగిరిపోయింది. "ఇది వాడి పిన్ని తరఫున."

పిట్ట ఉలిక్కిపడి చూసింది. అప్పుడు గుర్తుపట్టింది ఆవిణ్ణి. అంత్యక్రియల రోజు ఏడవని ఆ పిల్ల, హెల్మెట్ చంకలో పెట్టుకుని, డెక్ మధ్యలో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. పిన్నికి కూడా అప్పుడే వచ్చాయి కన్నీళ్ళు, ఉల్లిపాయలు లేకుండానే.

మధ్యాహ్నం కెప్టెన్ తన గదిలో పాత రిపోర్టును నాలుగు ముక్కలు చేసి, కొత్తది స్వయంగా రాశాడు. మొదటి సాక్షి, వంటల మేస్త్రీ. చివరి వాక్యం పిన్ని అడిగి రాయించుకుంది. *పైలట్ చివరి క్షణం దాకా విమానాన్ని అదుపులోనే ఉంచాడు. జరిగినదాన్ని నాలుగు మాటల్లో ఖచ్చితంగా తెలియజేశాడు. వినడంలో తప్పు మాది.*

ఓడ ఫోన్‌లోంచి అక్కకి చేసింది. "అక్కా, వాడి తప్పేం లేదు."

"అది నాకు ముందే తెలుసు కదే" అంది అక్క. "ఊళ్ళో వాళ్ళకి తెలిసిందా?"

"రేపటికి తెలుస్తుంది."

"అయితే ఇంటికి రా. పొద్దుట్నుంచీ ఏమీ తిని ఉండవు."

*

రెండు రోజుల తర్వాత, కిటికీల్లేని గదిలో పిన్ని మూడు వస్తువులు బల్లమీద పెట్టింది. ఉల్లి వాసనేసే చెవిటి మిషన్, విరిగిన దువ్వెన, గుండీ.

"వీటిలో ఏది పనిచేసింది?" అని అడిగాడు పెద్దాయన, కళ్ళలోకి చూడకుండా.

"చేప."

పెద్దాయన దువ్వెన ముక్కలు పక్కకు జరిపాడు. "ఆరేళ్ళు వాణ్ణి నమ్మాను. తప్పు నాదే పిన్నీ."

"మీదే. ఆ రోజు మీటింగ్ దేని గురించి?"

"కొత్త పరికరాల బడ్జెట్ గురించి."

పిన్ని ఆయన్ని ఎంతసేపు చూసిందంటే, పెద్దాయన కుర్చీలోనే కాస్త కిందికి జారాడు. ఆవిడ లేచి తలుపుదాకా వెళ్ళి, దారిలో వంగి ఒక గుండుసూది తీసి జేబులో వేసుకుని, వెనక్కి తిరిగింది.

"ఇంకో మాట. ఇవాళ్టి నుంచి ఈ ఆఫీసులో ఎవరూ నన్ను పిన్ని అనొద్దు. ఆ పిలుపు వాడితోనే పోయింది."

"మరి ఏమని పిలవమంటావు?"

"అత్త అనండి" అంది. "పెళ్లికొడుకుని అత్తారింటికి పంపించినదాన్ని. ఆ మాత్రం హోదా ఉండొద్దూ?"